ఉలిగప్ప కడిగించిన క్లచ్

"వెనక్కి జారి కాలువలో పడితే? పాపకి బెల్టు కూడా కట్టి ఉంటుంది. నాలుగేళ్ళ పిల్ల నీళ్ళలో ఆ బెల్టు ఊడదీసుకోగలదా?"

పావని ఇడ్లీ రేకులు దించుతూ మొగుడి వైపు చురుగ్గా చూసింది. "పొద్దున్నే ఆ పాడుమాటలేంటండీ! బెల్టు కట్టాలని పట్టుబట్టింది మీరే కదా?"

"కట్టకపోతే పడిపోతుందని కట్టాను."

"కడితే మునిగిపోతుందని ఇప్పుడు భయం. ఆ క్లచ్చేదో ముందు బాగుచేయించి తగలెయ్యండి. నిన్నంతా పిల్లని బడికి పంపకుండా కూర్చోబెట్టారు."

గోపీచంద్ ఇడ్లీ ప్లేటు ముందుకి లాక్కున్నాడు. బాగుచేయించాలంటే మెకానిక్ ఉలిగప్ప దగ్గరికి వెళ్ళాలి. ఆ మనిషి, ఆ మురికి షెడ్డు తలుచుకుంటేనే అతనికి అసహ్యం.

గోపీచంద్ వాళ్ళది రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలో తుంగభద్ర కాలువ కింద ఉన్న ఓ చిన్న క్యాంపు. తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి నల్లరేగడిని వరిమళ్ళు చేసిన కుటుంబాలు అక్కడ ఓ నలభై ఉంటాయి. అతను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, మాన్విలో ఓ ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాడు. కూతురు వర్షిణి పుట్టిన దగ్గర్నుంచీ భయపడటం అతనికి రెండో ఉద్యోగమైంది. పాలసీసా పది నిమిషాలూ మరిగిందో లేదో గడియారం పెట్టుకుని చూసినవాడు. ఎవరైనా ముద్దుగా పిల్ల బుగ్గ గిల్లితే, వాళ్ళు అటు తిరగ్గానే తడిగుడ్డతో ఆ బుగ్గ తుడిచినవాడు. "పిల్లని పెంచుతున్నావా, ల్యాబులో పెట్టి కాపలా కాస్తున్నావా?" అని అతని తండ్రి శివరామకృష్ణయ్య ఎన్నోసార్లు అడిగాడు.

వర్షిణి వెళ్ళే నర్సరీ కాలువ అవతల, మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో ఉన్న వంతెన ఇరుకుది. ట్రాక్టర్లు ఎక్కించి పిట్టగోడ కూల్చేస్తున్నారని దానికి రెండు వైపులా ఇనప స్తంభాలు పాతేశారు. ఆ సందులో సైకిల్ హ్యాండిల్ పడుతుంది గానీ మోటార్‌సైకిల్‌ది పట్టదు. మోటార్‌సైకిల్ మీద పోవాలంటే తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరగాలి. అందుకే గోపీచంద్ తండ్రిగారి ఇంజన్ సైకిల్ వాడుతున్నాడు. పాత సైకిల్ చట్రంలో చిన్న పెట్రోలు ఇంజన్ బిగించి, ఎడమచేతి వైపు ఓ క్లచ్ కడ్డీ పెట్టిన బండి అది. ఎనిమిదేళ్ళ కిందట మళ్ళకి నీళ్ళు చూసుకోవడానికని శివరామకృష్ణయ్య ఉలిగప్ప చేత చేయించుకున్నాడు.

శుక్రవారం నాడు వంతెన ఎక్కే గట్టు మీద అది జరిగింది. సగం ఎక్కాక ఇంజన్ గొంతు చించుకుని అరిచింది గానీ చక్రం తిరగలేదు. బండి ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. గోపీచంద్ రెండు కాళ్ళూ కంకరలో దించి, చెప్పు తెగేదాకా ఈడ్చి ఆపాడు. కుడిపక్కన నాలుగు అడుగుల దూరంలో నిండు కాలువ. వెనక సీట్లో వర్షిణి కిలకిలా నవ్వింది. "నాన్నా, మళ్ళీ!" అంది.

ఆ రోజు సాయంత్రం అతను ప్రొట్రాక్టరుకి దారం కట్టుకుని వెళ్ళి ఆ గట్టు వాలు కొలిచాడు. పద్దెనిమిది డిగ్రీలు.

ఒక సంగతి మాత్రం అతను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పది రోజుల కిందట బండి ఎడమ పక్కన గరగరమని చప్పుడొస్తుంటే, శివరామకృష్ణయ్య పట్టెమంచం మీద నుంచే తీర్పు చెప్పాడు. "గ్రీజు పెట్టరా. ఇనుము ఏడిస్తే గ్రీజే మందు." క్యాంపు రైతులందరికీ అదే వైద్యం. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఇనప చక్రాలు రోజంతా బురదలో మునిగి తిరుగుతాయి. ప్రతి పొద్దుటా గ్రీజు కూరకపోతే నాలుగు రోజుల్లో అరిగిపోతాయి. ఆ అలవాటు మీద వాళ్ళు గేటు బందులకీ, మోటారుకీ, చివరికి కుట్టుమిషనుకీ కూడా గ్రీజే కూరతారు. గోపీచంద్‌కీ ఆ మాట శాస్త్రసమ్మతంగానే కనిపించింది. చప్పుడంటే రాపిడి. రాపిడికి విరుగుడు గ్రీజు. ఆరో తరగతి పాఠం. మూత విప్పి, తండ్రి డబ్బాలోంచి రెండు గుప్పెళ్ళు తీసి లోపల నింపాడు. చప్పుడు పోయింది. క్లచ్ కూడా పోయింది.

ఆదివారం పొద్దున్నే బండిని నాలుగు కిలోమీటర్లు తోసుకుంటూ మాన్వి రోడ్డుకి చేరాడు.

ఉలిగప్ప షెడ్డు మూతపడిన పత్తి మిల్లు గోడకి ఆనుకుని ఉంటుంది. రెండు రేకులు, నాలుగు గుంజలు. నేల మీద ముప్ఫై ఏళ్ళ నూనె గట్టిపడి తారులా మెరుస్తుంటుంది. పక్కనున్న కోళ్ళ దుకాణం వాళ్ళు ఈకలూ పేగులూ మురిక్కాలువలో పారేస్తారు. ఆ కంపు, కాలిన ఆయిల్ కంపు, వాటికి తోడు షెడ్డు ఆ చివర ఉలిగప్ప భార్య తులసమ్మ మిరపకాయ బజ్జీలు వేసే బాణలి కంపు. ఆ బాణలిలో నూనె, ఇంజన్‌లోంచి తీసిన నూనె పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టమనిపించింది గోపీచంద్‌కి. జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

ఉలిగప్ప గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఎండిన చింతబరికె లాంటి ఒళ్ళు. ఎడమకాలు మోకాలి కింద కొంచెం వంకర. దవడలో తంబాకు. బండిని చూశాడు, మనిషిని చూశాడు, చేతిరుమాలు చూశాడు. పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మాడు. ఆ తంబాకు చుక్క ఒకటి గోపీచంద్ ప్యాంటు అంచు మీద పడింది.

"శివరామయ్య కొడుకువి గద? ఏంది సారూ, నా బండిని నూకుకుంట వచ్చినవ్?"

"గట్టెక్కడం లేదండీ. క్లచ్ జారుతోంది."

"లోపల ఏమన్న పెట్టినవా?"

"లేదు." గోపీచంద్ ఆ మాట ఎంత వేగంగా అన్నాడో తనకే వినిపించింది.

ఉలిగప్ప ఇంకేమీ అడగలేదు. ఎడమ పక్కనున్న గుండ్రటి మూత మరలు విప్పి, మూత లాగాడు. పెద్ద పళ్ళచక్రమూ, చిన్న పళ్ళచక్రమూ, వాటి మధ్య రాపిడికి పెట్టిన నల్లటి బిళ్ళలూ అన్నీ బూజు పట్టిన వెన్నముద్దలో పూడ్చినట్టు ఉన్నాయి. ఉలిగప్ప చూపుడువేలితో కొంచెం గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నాలుక చివరన అద్దుకుని, చప్పరించి, ఉమ్మాడు.

గోపీచంద్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంజన్ ఆయిల్ కాదు ఇది. ఇంజన్‌ది లీకైతే పల్చగ ఉంటది, పెట్రోల్ మంట తగులుతది నాలుకకు. ఇది ట్రాక్టర్ గ్రీజు. దీంట్ల బురద గూడ ఉన్నది, పండ్లకు తగిలింది. మీ క్యాంపుది." అతను తలెత్తాడు. "నీ నాయినది కాదు ఈ పని. ఆయన పెడితే ఒక ముద్ద పెడతడు. గిట్ల గోడకు సున్నం కొట్టినట్ల, అన్ని దిక్కుల సమానంగ పెట్టిండంటే చదువుకున్నోడు పెట్టిండు."

బాణలి దగ్గర నుంచి తులసమ్మ పకపకా నవ్వింది. "చదవేస్తే ఉన్న మతి పోయినట్ల!"

గోపీచంద్ చెవులు ఎర్రబడ్డాయి. "రెండు చక్రాలు రాసుకుంటుంటే గ్రీజు పెట్టాలి కదండీ?"

"చక్రం పండ్లకు పెట్టాలె. గోరంత. ఈ బిళ్ళలకు కాదు. ఇవి గట్టిగ పట్టుకోవాలె, అదే వీటి పని. పట్టుకునేదానికి గ్రీజు రాస్తే ఏం పట్టుకుంటది? నీ చేతికి గ్రీజు రాసుకుని పామును పట్టు, చూద్దం."

రాపిడి లేకపోతే మనిషి నేల మీద నడవలేడని ఏటా జూన్‌లో పిల్లల చేత రాయిస్తాడు గోపీచంద్. ఆ వాక్యం ఇప్పుడు గుర్తొచ్చి మరింత మండింది.

"సరేనండీ, కడిగి బిగించెయ్యండి. నేను రోడ్డు మీద నిలబడతాను."

"నేనెందుకు కడుగుత?" అన్నాడు ఉలిగప్ప.

గోపీచంద్‌కి అర్థం కాలేదు.

"గ్రీజు పెట్టుకుని నా షెడ్డుకు వచ్చినోడు వానిది వాడే కడుక్కోవాలె. విప్పుడు నాది, బిగించుడు నాది. కడుగుడు నీది. ఇష్టం లేకుంటే మూత పెట్టిస్త, నూకుకుంట పో."

"ఇదెక్కడి పద్ధతండీ? మెకానిక్ మీరా, నేనా?"

"మురికి ఎవరిది?"

అతను అటు తిరిగి తంబాకు నలుపుకోసాగాడు. మాన్విలో ఇంకో ఇద్దరు మెకానిక్కులున్నారు గానీ, ఈ ఇంజన్ సైకిళ్ళని చూస్తేనే వాళ్ళు చేతులు ఎత్తేస్తారు. రేపు సోమవారం. వర్షిణి మళ్ళీ బడి మానాలి, లేదా ఆ గట్టు మీద... గోపీచంద్ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని తులసమ్మ ఓ బొక్కెనలో పెట్రోలు తెచ్చి ముందు పెట్టింది. బొక్కెన అంచుకి ఎండిన పెంటలాంటిదేదో అంటుకుని ఉంది. అదేమిటని అతను అడగలేదు.

పళ్ళ చక్రంలో వరసగా చిన్న చిన్న గదులున్నాయి. ఒక్కో గదిలో ఒక్కో బిళ్ళ. ఒక్కోదాన్ని గోటితో పెకలించి తియ్యాలి. గ్రీజు గోళ్ళ సందుల్లోకి, అరచేతి గీతల్లోకి, ఉంగరం కిందకి పాకింది. వెచ్చగా, జిగటగా, ఏదో బతికున్నదాన్ని ముట్టుకున్నట్టు ఉంది. పెట్రోలులో ముంచితే చేతుల మీది చిన్న గాట్లన్నీ భగ్గుమన్నాయి. ఈ చేతులతో ఇంటికి వెళ్ళి పిల్లని ఎలా ఎత్తుకోవడం? ఎన్నిసార్లు సబ్బు పెడితే పోతుంది? అతను మోచేతులు ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని, పెదాలు బిగించి, ఊపిరి నోటితో పీలుస్తూ కడిగాడు.

"అట్ల ముట్టుకుంటే పోదు సారూ. శవాన్ని ముట్టుకున్నట్ల చేస్తున్నవ్," అంటూ ఉలిగప్ప పక్కన చతికిలబడ్డాడు. చేతిలో పేపరు ముక్క, దాని మీద బజ్జీ. అదే గ్రీజు వేళ్ళతో తుంచి నోట్లో వేసుకున్నాడు. "తింటవా?"

"వద్దండీ."

"తినడు లే. ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చిండు, కనిపిస్తలేదా?" అంది తులసమ్మ.

కడుగుతున్నంతసేపూ ఉలిగప్ప మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక మాట చెప్పడం, ఒకసారి ఉమ్మడం. ఆ ఉమ్ముల మధ్యనే గోపీచంద్‌కి ఆ మనిషి బతుకు తెలిసింది.

పుట్టింది యరగేరలో. పదో ఏట రాయచూరు స్టేషన్ రోడ్డులో గంటకింతని సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణంలో పంక్చర్ల పనికి చేరాడు. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ వెతకడం మొదటి చదువు. తర్వాత మోపెడ్‌లొచ్చాయి, అద్దె సైకిళ్ళు పోయాయి. బంగారు గనుల్లో పనిచేసేవాళ్ళ మోపెడ్‌లు బాగుచేస్తూ పదేళ్ళు అటువైపు తిరిగాడు. తులసమ్మని పెళ్ళాడి ఈ మిల్లు గోడ పక్క గుంజలు పాతాడు. ఒకసారి హైదరాబాదు నుంచి ఓ అట్టపెట్టెలో ఇంజన్ తెచ్చి తన సైకిల్‌కే బిగించి, కల్మల ఊరి దాకా కాలు కదపకుండా వెళ్ళాడట. దారి పొడుగునా పిల్లలూ కుక్కలూ వెంటపడ్డారట.

"ఆ దినం నాకు నేనే నవాబును అనుకున్న. థూ! ఇప్పుడు చూస్తే పాపం చేసినట్లనిపిస్తది. మంచిగ కాళ్ళు ఆడించుకుంట పోయే మనుషులకు ఇంజన్లు తగిలించి పొట్టలు పెంచిన. ఇరవై మూడు బండ్లు చేసిన. ఇరవై మూడు గూడ ఖరాబ్ చేసుకుని వచ్చిండ్రు. ఒకడు సైలెన్సర్ల గుడ్డలు కుక్కిండు, చప్పుడు వస్తదని. ఒకడు పెట్రోల్ ట్యాంకుల పసుపు నీళ్ళు పోసిండు, పూజకు. నీ లెక్క గ్రీజు కూరినోళ్ళు తొమ్మిది మంది. అందరు క్యాంపోళ్ళే."

రేకుకి వేలాడుతున్న ఓ తీగ చూపించాడు. దాని నిండా కాలి, అరిగి, పెళుసెక్కిన క్లచ్ బిళ్ళలు గుచ్చి ఉన్నాయి. మనుషుల మీద ఇంత అసహ్యం ఇలా గుచ్చి దాచుకుని రోజూ దాని కిందే కూర్చుని తినేవాణ్ణి గోపీచంద్ ఇంతకుముందు చూడలేదు.

"అందరి చేతా ఇలాగే కడిగిస్తారా?"

"అందరితోని. మీ క్యాంపు హరిబాబు సంగతైన తర్వాత."

హరిబాబు ఎవరో గోపీచంద్‌కి తెలుసు. కిందటేడు పోయిన పెద్దాయన, నాన్నకి స్నేహితుడు.

"ఆయన బండి రెండుసార్లు నేనే కడిగిన. సాఫ్‌గ కడిగి, బిగించి ఇచ్చిన. కడిగినది నేను, ఆయన చేతికి మురికి తగలలే, దిమాక్‌కు ఎట్ల తగులుతది? మూడోసారి తెచ్చిండు. ఏమన్న పెట్టినవా అంటే, నీ లెక్కనే, లేదన్నడు. నమ్మిన. మూత తీయలే. కేబుల్ సదిరి, గట్టు మీద చూద్దం పా అని ఆయన వెనుక కూచున్న." ఉలిగప్ప వంకర కాలు ముందుకి చాపి, ముళ్ళపందిని చూపించినట్టు దాన్నే చీదరగా చూపించాడు. "సగం ఎక్కి వెనుకకు జారింది. ఆయన దుంకిండు. నేను బండితోని పోయిన. కాలువ రాళ్ళ మీద పడ్డ. లోపల రెండు కడ్డీలున్నయి ఇప్పుడు. వానొస్తే అవే చెప్తయి."

గోపీచంద్ చేతులు పెట్రోలులోనే ఆగిపోయాయి.

"వెనుక నేనుంటి కాబట్టి కాలు పోయింది. నా జాగల ఎవరుంటరు నీ బండి మీద?"

"మా పాప. నాలుగేళ్ళు."

ఉలిగప్ప మొహంలో ఇందాకటి నుంచీ ఉన్న చీదర ఇంకొంచెం పెరిగింది. "అయ్యో శివనే. పిల్లనా?" అని లేచి కుంటుకుంటూ వెళ్ళి, బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద తట్టతో తెచ్చి బిళ్ళల మీద గుమ్మరించాడు. "మళ్ళ తోము. బూడిద తాగినంత తాగనీ. తెల్లగయ్యే దాంక ఆపకు."

ఊక బూడిదలో ఉండేది ఎక్కువగా సిలికా అని, జిడ్డు పీలుస్తుందని గోపీచంద్‌కి తెలుసు. అతను పాఠం చెప్పగలిగినదాన్ని ఈ మనిషి తట్టతో తెచ్చి పోశాడు. నాలుగుసార్లు బూడిద మార్చి తోమాడు. బిళ్ళలు గరుకు గుడ్డ మీద రుద్దాడు. వేళ్ళు బూడిదతో ఏనుగు తోలులా అయ్యాయి. చివరికి ఉలిగప్ప ఒక్కో బిళ్ళనీ ఎండలో తిప్పి చూసి, గదుల్లో కూర్చోబెట్టి, పైన పలక వేసి, పువ్వులాంటి నట్టుని కొద్దికొద్దిగా తిప్పి బిగించాడు. చక్రం పళ్ళకి మాత్రం చిటికెన వేలితో నిజంగానే గోరంత గ్రీజు అద్దాడు.

"పా, గట్టు మీద చూద్దం."

షెడ్డు వెనక ఫర్లాంగు దూరంలో పిల్లకాలువ గట్టుంది. వంతెన దగ్గరి గట్టంత వాలు దానికీ ఉందని గోపీచంద్ చూపుతోనే అంచనా వేశాడు. ఒంటరిగా ఎక్కించి చూశాడు. బండి ఒక్క ఊపులో పైకి పోయింది. మూడు రోజుల్లో మొదటిసారి అతను పళ్ళు కనబడేలా నవ్వాడు. అయినా అతను సైన్సు మాస్టారు. ఒక్క కొలతతో నమ్మడు.

"పాప బరువు పదిహేను కిలోల ఎనిమిది వందల గ్రాములు. అంత ఇసక సంచీలో పోసి వెనక కట్టి చూద్దామండీ."

"గ్రాములతోని సహా!" అన్నాడు ఉలిగప్ప. కానీ ఎదురు చెప్పలేదు. ఇసక నింపిన సంచీని పిల్ల సీట్లో పెట్టి బెల్టు బిగించారు.

సగం గట్టు ఎక్కగానే ఇంజన్ మళ్ళీ అదే అరుపు అరిచింది. బండి ఆగింది.

గోపీచంద్ దిగి, అప్పటిదాకా మింగిన కోపమంతా కక్కేశాడు. "ఏం బాగుచేశారండీ మీరు! సగం రోజు ఆ మురుగులో కూర్చోబెట్టి నా చేత కడిగించి, మీద ఉమ్మేసి, చివరికి ఇదా? మీకు చేతకాదని పొద్దున్నే చెప్తే సరిపోయేది కదా!"

ఉలిగప్ప ఈసారి ఉమ్మలేదు. ఓ పెద్ద రాయి ఎత్తుకుని, వెనక చక్రం పక్కనే నడవడానికి సిద్ధమయ్యాడు. "ఇంకోపారి ఎక్కు. నేను బండిని చూడ, నిన్ను చూస్త."

మళ్ళీ ఎక్కాడు. అదే చోట ఇంజన్ అరిచింది. బండి వెనక్కి కదిలింది. ఉలిగప్ప రాయిని చక్రం కిందికి తోశాడు. బండి ఆగి పక్కకి ఒరిగింది. ఆ ఒరగడంలో ఇసక సంచీ బెల్టు సందులోంచి జారి, గట్టు మీద రెండు పొర్లు పొర్లి, కాలువలో పడింది.

ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. నీళ్ళ మీద బుడగలు వచ్చాయి. కొంచెంసేపటికి అవి కూడా ఆగిపోయాయి. గోపీచంద్ గట్టు మీద కూర్చుండిపోయాడు.

"బండి మంచిగనే ఉన్నది సారూ," అన్నాడు ఉలిగప్ప మెల్లగా. "నీ చెయ్యి ఖరాబున్నది. క్లచ్ కడ్డీ సగం నొక్కి పట్టుకున్నవ్."

"నేను పట్టుకోలేదు. ఎక్కేటప్పుడు వదిలేశాను. నాకు తెలుసు."

ఉలిగప్ప హ్యాండిల్ వైపు చూపించాడు. నల్లటి క్లచ్ కడ్డీ మీద బూడిద రంగులో రెండు వేళ్ళ ముద్రలు పక్కపక్కన, గీతలతో సహా అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

సాక్ష్యం కళ్ళముందు ఉన్నాక సైన్సు చదివినవాడు వాదించలేడు. గోపీచంద్ కడ్డీ తుడిచి మళ్ళీ ప్రయోగం చేశాడు. బండి కదిలించడానికి నొక్కేటప్పుడు మచ్చ పడకుండా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఖాళీ సీటుతో మూడుసార్లు ఎక్కాడు. మూడుసార్లూ కడ్డీ మీద మచ్చ లేదు. ఇంకో సంచీ కట్టి మూడుసార్లు ఎక్కాడు, ఉలిగప్ప రాయితో పక్కనే నడిచాడు. మూడుసార్లూ సగం గట్టు దగ్గర ఇంజన్ అరిచింది. కడ్డీ మీద మూడుసార్లూ అవే రెండు వేళ్ళు. వదిలెయ్యాలని పైకి అనుకుంటూనే ఎక్కాడు. వెనక బరువు తెలియగానే, వెనక్కి జారితే ఆపుదామని వేళ్ళు వాటంతట అవే పోయి ఆ కడ్డీని పట్టుకుంటున్నాయి. పట్టుకోగానే లోపల బిళ్ళలు పట్టు వదిలేస్తున్నాయి. శుక్రవారం నాడు గ్రీజు సగం చేస్తే మిగతా సగం ఈ వేళ్ళు చేశాయి. అతనికి తన చేతుల మీద, ఆ రోజంతా కడిగిన గ్రీజు మీద కన్నా ఎక్కువ అసహ్యం వేసింది.

"అలవాటు చేసుకుంటాను. రోజూ సంచీ కట్టి నేర్చుకుంటాను," అన్నాడు.

"నేర్చుకో. ఎన్నటికి వస్తదో. అంత దాంక పిల్లను ఏం చేస్తవ్? ఏడు సంచులు ముంచినంక ఎనిమిదోసారి పిల్లను కూచోబెడతవా?"

గోపీచంద్ కడ్డీ మీది మచ్చ తుడిచాడు.

అప్పుడు ఉలిగప్ప, పొద్దుట్నుంచీ మాట్లాడినవాటిలో అతి మామూలు మాట ఒకటి చెప్పాడు. అది విని గోపీచంద్‌కి ఒళ్ళు మండింది కూడా. "మరి ఈ క్లచ్ నా చేత ఎందుకు కడిగించారు?" అని అడిగాడు. "మిగిలిన మూడు కిలోమీటర్లకు," అన్నాడు ఉలిగప్ప, తంబాకు కోసం జేబు తడుముకుంటూ.

ఇంటికి వచ్చి బావి గట్టు మీద గోపీచంద్ ఆరుసార్లు సబ్బు పెట్టుకున్నాడు. చేతులు వాసన చూసిన వర్షిణి "ఛీ నాన్నా!" అని ముక్కు మూసుకుని పారిపోయింది. పావని నవ్వింది. ఆ షెడ్డు మాట ఎత్తితే అతని చెయ్యి ఇప్పటికీ చేతిరుమాలు కోసం జేబులోకి పోతుంది. ఆ ఉమ్ములు, ఆ బాణలి, గ్రీజు నాకిన ఆ నాలుక, ఏదీ అతను మరిచిపోలేదు, క్షమించనూ లేదు. తులసమ్మ బజ్జీ జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

అయినా సోమవారం నుంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి, కాలువ గట్టు మొదట్లో ఇంజన్ ఆపి అతను దిగుతాడు. వెనకాల సైకిళ్ళ మీద వచ్చే క్యాంపు కుర్రాళ్ళు "ఏంటి మాస్టారూ, పెట్రోలు అయిపోయిందా?" అని వేళాకోళం చేస్తారు. వర్షిణి దారిలో నత్తగుల్లలు ఏరుతుంది, మేకపెంటికల్ని చెప్పుతో తంతుంది, ఒక్కో అడుగుకీ ఒక్కో ప్రశ్న అడుగుతుంది. యాభై అడుగులకి పావుగంట పడుతుంది. అతను కోప్పడడు, తొందరపెట్టడు. ఉలిగప్ప గట్టు మీద నిలబడి చెప్పిన మాటని అక్షరం తప్పకుండా పాటిస్తాడు.

"భయం పొమ్మంటే పోదు సారూ. గట్టు కాడ బండి బందు చెయ్యి. పిల్లను దింపి, కాలువ లేని దిక్కు నడిపించుకుంట, బండి నూకుకుంట ఎక్కు. అవతల దిగినంక మళ్ళ కూచోబెట్టుకో. క్లచ్ మంచిగున్న దినం గూడ అంతే."